లోపల బేడం లేని గది

ఆ గదికి లోపల బేడం లేదని నేను ఎవరికీ చెప్పలేదు. డైరీలో మాత్రం రాసుకున్నాను.

దసరా సెలవులకు ఫిల్మ్‌నగర్‌లో మా చిన్నమ్మ వాళ్ళింటికి వెళ్ళాను. బాబాయిది భీమవరం వైపు. సినిమాలకు మాటలు రాస్తారు. చిన్నమ్మ మాలాగే సిద్దిపేటలో పుట్టి పెరిగినా, పెళ్ళయిన ఈ పదిహేనేళ్ళలో ఆయనలాగే మాట్లాడటం అలవాటు చేసుకుంది. నాకు మేడ మీది గది ఇచ్చారు. తలుపు దగ్గరికి వేస్తే నిలుస్తుంది, అంతే. చుట్టంగా వచ్చి తలుపు గురించి ఎలా అడగాలో తెలియక కుర్చీ అడ్డం పెట్టుకునేదాన్ని. మూడోరోజు ఇలా రాశాను: "బేడం లేని గదిలో నిద్ర కూడా చుట్టమే. వచ్చి, కూచోకుండానే పోతుంది."

బాబాయి అప్పుడు ఒక భయపెట్టే సినిమాకు రాస్తున్నారు. సెలవులకు బంధువులింటికి వచ్చిన అమ్మాయి కథ. అందరూ ప్రేమగానే ఉంటారు, తిరిగి మాత్రం వెళ్ళనివ్వరు. షూటింగ్ అయిపోయింది. ఆ అమ్మాయి మనసులో అనుకునే మాటలు డబ్బింగ్ కోసం కొత్తగా రాస్తున్నారు. ఒక మధ్యాహ్నం నన్నూ జూబ్లీహిల్స్‌లోని డబ్బింగ్ థియేటర్‌కు తీసుకెళ్ళారు. చిన్నమ్మ రానంది.

అద్దం అవతల మైకు ముందున్న డబ్బింగ్ అమ్మాయి కాగితం చూసి ఆగిపోయింది.

"సార్, బేడం అంటే ఏంటండీ?"

"గొళ్ళెం అమ్మా. గొళ్ళెం అనే చదివెయ్. హీరోయిన్‌ది కాకినాడ కదా."

"ఇంట్లో మేడమ్ రాస్తున్నట్టున్నారు సార్," అన్నాడు సౌండ్ ఇంజనీర్. బాబాయి నవ్వారు. నా వైపు చూడలేదు.

ఆ అమ్మాయి చదివింది. గొళ్ళెం లేని గదిలో నిద్ర కూడా చుట్టమేనట.

హాల్లో ఎప్పుడూ బాబాయి కాగితాలు పడుంటాయి. పకోడీ పొట్లం కాగితాన్ని కూడా వదలకుండా చదివే మనిషిని నేను. ఆ వాక్యం అక్కడే చదివి, నాదనుకుని రాసుకున్నానా? కానీ బేడం మా సిద్దిపేట వైపు మాట, ఆయనది కాదే. ఇంటికి రాగానే బట్టల అడుగునుంచి డైరీ తీసి చూశాను. నా దస్తూరీయే. ఒక్క కొట్టివేత కూడా లేదు. అంతకుమించి ఏమీ తేలలేదు.

చిక్కుడుకాయలు ఒలుస్తున్న చిన్నమ్మను, బాబాయి ఎప్పుడైనా పైకి వస్తారా అని అడిగాను. తన సాక్సులు తాను తీసుకోని మనిషి మెట్లెక్కుతాడా అంది. నిజమే అనిపించింది. ఆమె ఎక్కుతుందా అని మాత్రం నేను అడగలేదు.

అమ్మ రమ్మంటోందని అబద్ధం చెప్పి రెండు రోజుల ముందే బయల్దేరాను. ఆటో ఎక్కుతూ కంగారులో "పోతున్న చిన్నమ్మా" అనేశాను. అట్లా అనకూడదని, చిన్నమ్మ నా చేత పోయొస్తా అనిపించింది. తర్వాత ఆటోలోకి వంగి, ఆ ఇంట్లో ఒక్కసారి కూడా నేను వినని మా ఊరి యాసలో, మెల్లగా అంది:

"మల్ల సెలవులకు రా బిడ్డా. గప్పటికల్ల నీ అర్రకు లోపల బేడం వెట్టిపిస్త."