ఉప్పు చెరువు అవతలి రోడ్డు

మొన్న ప్రొద్దుటూరులో మా ఇంటి అరుగు మీద కూర్చుని ఉండగా, గల్ఫ్‌లో కారు నడిపే మేనల్లుడు సెల్లుకు ఒక వీడియో పంపాడు. కనుచూపు మేర తెల్లటి ఉప్పునేల, దాని మీద ఫొటోలు దిగుతున్న జనం, వెనక నుంచి వాడి గొంతు: "మామా, ఈడ శానా బాగుండాది సూడు." నేను గబుక్కున సెల్లు బోర్లించి పెట్టాను.

అది నేనెరిగిన ఉప్పు చెరువే కావచ్చు, కాకపోవచ్చు. మీలో నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, కరువుకు మందలమ్ముకుని మన పక్క నుంచి ఎందరో అరబ్బు దేశాలకు పోయిన రోజులవి. వాళ్లలో నేనూ ఒకణ్ణి. ఇంటిపని అని చెప్పి తీసుకుపోయిన యజమాని నా పాస్‌పోర్టు తన దగ్గరే పెట్టుకుని, ఎడారి నడుమ ఒక గుడారమూ మూడొందల గొర్రెలూ అప్పజెప్పి వెళ్లిపోయాడు. చలికాలం వానలకు ఆ చెరువు అంతు కనబడకుండా నిండేది, ఎండలకు ఇంకిపోయి ఉప్పు పెచ్చు కట్టేది. రోడ్డేమో దానికి అవతల. చుట్టి పోదామంటే రెండు రోజులు గుక్కెడు నీళ్లు దొరకవు. వారానికోసారి వచ్చే నీళ్ల ట్యాంకరు డ్రైవరుకు నన్ను ఎక్కించుకోవాలంటే భయం.

ఆ ట్యాంకరులోనే మా అన్న ఉత్తరం వచ్చింది: "అమ్మ మంచం పట్టింది, నీ పేరే కలవరిస్తాంది, ఎట్లైనా వచ్చి పోరా." ఎండలు ముదిరి చెరువు గట్టిపడేదాకా ఎలాగో ఓర్చుకుని, ఒక పొద్దున్నే నీళ్ల సీసా పట్టుకుని అడ్డంగా నడిచాను. అవతల లారీలు చీమల్లా కనబడే వేళకు వెనక గొర్రె అరుపు వినబడింది.

తప్పు నాదే. అక్కడివాళ్లు జీపు హారన్ కొట్టి మందను తోలుతారు. నేను మా జమ్మలమడుగు పద్ధతిలో ముందు నడిచి, వెనక రావడం వాటికి అలవాటు చేశాను. నన్ను మోసిన ఉప్పు పెచ్చు మంద గిట్టలకు పగిలి, ముందువి కడుపుదాకా బురదలో దిగబడుతున్నాయి. "ఏందే, యాడికొస్తాండావు, పో ఎనక్కి!" అని ముందున్న గొర్రెను తిట్టాను, ఉప్పుగడ్డలు విసిరాను. నేను ఒక అడుగు వేస్తే అదీ ఒక అడుగు వేస్తోంది. ఏడుస్తూనే వెనక్కి తిరిగాను.

పొద్దు వాలేదాకా ఒక్కొక్కదాన్నీ బయటికి లాగాను, ఒక్కటీ చావలేదు. జాడలు చూసిన యజమాని నా చెప్పులు పట్టుకుపోయాడు. కాలే ఉప్పు మీద ఉత్తకాళ్లతో ఎవడు నడవగలడు? తర్వాతి ఉత్తరంలో అమ్మ పోయిందని ఉంది. మరో రెండేళ్లకు గాని నేను ఊరి మొగం చూడలేదు.

మూగజీవాలను కాపాడావు, పుణ్యమే అని ఎవరైనా అంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. ఇప్పటి పిల్లలు ఏ దేశంలో ఉన్నా అన్నం తినే వేళకు తల్లికి మొగం చూపిస్తున్నారు, చూసి సంతోషిస్తాను, కాస్త ఈర్ష్య కూడా పడతాను. మా అమ్మ మాత్రం కొడుకు కదల్లేదనుకునే కన్ను మూసింది. నేను బయలుదేరానని, సగం దూరం వచ్చానని, ఆమెకు చెప్పే మనిషి లేకపోయాడు.