తాడుకు అవతల చేట

మధ్యాహ్నం రెండింటికి దిగాం. మట్టి రన్‌వే. నిప్పులు చెరిగే ఎండ. నీలి టోపీ, బరువైన జాకెట్, రెండు సీసాల నీళ్లు, ఒక రైఫిల్. ఆఫ్రికాలో ఒక దేశం. పేరు చెప్పను. చెప్తే మీరు ఫోన్‌లో వెతుక్కుని నాకే పాఠాలు చెప్తారు. అక్కడ రెండు వర్గాలు కొట్టుకుంటున్నాయి. మధ్యలో నలిగిన జనం పారిపోయి, చిత్తడి నేలల అంచున గుడారాల్లో తలదాచుకున్నారు. శాంతి సేనలో నాయబ్ సుబేదార్‌గా నా పని వాళ్లకు తిండి లారీలు చేర్చడం. ఏ లారీ ముందు, ఏది వెనక, ఎక్కడ ఆగాలి, ఎవరితో మాట్లాడాలి, అంతా నా నెత్తిన.

దిగగానే బూటుతో నేల గీకి చూశాను. నల్లరేగడి. మా సోలాపూర్ చుట్టూ ఉండేదే. ఎండలో రాయి, వానలో జిగురు. వానలు పట్టుకుంటే ఆ దారిలో ఎద్దు కూడా కదలదని నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

మా ఊళ్లో కొంతం చౌక్‌లో చాయ్ తాగేవాళ్లు ఇప్పటికీ అడుగుతారు, "ఎంతమందిని కాల్చినవ్ భావూ?" అని. ఒక్కణ్ణీ కాల్చలేదు. ఆ మాటకు వాళ్ల మొహాలు వాడిపోతాయి. వాడిపోనీ.

నేను చెప్పే ఆ రోజు మావి పన్నెండు లారీలు. జొన్నలు, నూనె, చంటిపిల్లల కోసం పిండి. ఉదయం ఐదున్నరకు బయల్దేరాం. దారిలో గుడారాల దగ్గరి నర్సు రేడియోలో మాట్లాడింది.

"గోదాము ఖాళీ. నిన్నటి నుంచి పిల్లలకు గంజి కూడా లేదు. వస్తున్నారా?"

"వస్తున్నాం సిస్టర్," అన్నాడు మా రేడియో ఆపరేటర్.

పదిన్నరకు దారికి అడ్డంగా ఒక తాడు. తాడు వెనక తుపాకులు పట్టుకున్న ఒక గుంపు. వాళ్ల నాయకుడు నల్ల కళ్లద్దాలు తియ్యకుండానే మాట్లాడాడు. మా దుబాసీ గొంతు తగ్గించి చెప్పాడు: "మూడు లారీలు వాళ్లకు దించితే, మిగతావి పోవచ్చంట."

మాకున్న ఆర్డరు స్పష్టం. ప్రాణం మీదికి వస్తే తప్ప కాల్చకూడదు. తుపాకీ పట్టినవాడి చేతికి ఒక్క బస్తా కూడా ఇవ్వకూడదు.

"ఒక్క గింజ దిగదని చెప్పు," అన్నాను.

బేస్ నుంచి కెప్టెన్ సాబ్ రేడియోలోకి వచ్చారు. "సాయంత్రంలోపు దారి ఇవ్వకపోతే వెనక్కి వచ్చెయ్. వానలు తగ్గాక చూద్దాం."

వానలు తగ్గేది మూడు నెలలకు. పడమట అప్పుడే మబ్బు కడుతోంది. వెనక్కి తిరిగితే ఆ పిల్లల్లో ఎంతమంది మిగులుతారు? ఒళ్లు మండిపోయింది. ఆ మంటలోనే మా అవ్వ గుర్తొచ్చింది.

మా ఇంట్లో అమ్మను అవ్వ అంటాం. సోలాపూర్ నీలం నగర్‌లో మా నాయన మగ్గం నడిపితే, అవ్వ బీడీలు చుట్టింది. కార్ఖానాలో బీడీలు తనిఖీ చేసే చెకర్ మంచివాటిని కూడా ఏరి పారేసిన రోజున ఆమె అరిచేది కాదు. ఆ కార్ఖానా గడప మీదే చతికిలబడి, చేట ఒళ్లో పెట్టుకుని, తునికాకు తీసి బీడీ చుట్టడం మొదలుపెట్టేది. పక్కన ఇంకొకామె, ఆమె పక్కన మరొకామె. గడప నిండేది. "నిలవడ్డోన్ని నూకెయ్యొచ్చు బిడ్డా," అనేది నాతో. "కూసోని పని జేసుకునేటోన్ని యాడికని నూకుతరు?"

"ముందు లారీ, చివరి లారీ, చక్రాలు విప్పండి," అన్నాను మావాళ్లతో. "పొయ్యి వెలిగించండి. చిరిగిన టార్పాలిన్లు కిందికి దించండి."

డ్రైవర్లు నా మొహం చూశారు. తర్వాత పానాలు అందుకున్నారు. ఇరుకు దారి ముందూ వెనకా మూసుకుపోయింది. ఇక ఆ లారీలను మేము వెనక్కి తిప్పలేం, వాళ్లూ ఎత్తుకుపోలేరు.

సాయంత్రం కెప్టెన్ సాబ్: "బయల్దేరారా?"

"లేదు సాబ్. చక్రాలు విప్పి ఉన్నాయి."

"ఎన్ని?"

"ముందు లారీవి, చివరి లారీవి. అన్నీ, సాబ్."

కాసేపు గరగర. "నీ మాట సరిగ్గా వినపడలేదు. రేపు మాట్లాడదాం. ఓవర్." మంచి మనిషి.

నేను తాడు ముందే కూర్చుని టార్పాలిన్ కుడుతున్నాను. నాయకుడు వచ్చి తుపాకీ గొట్టంతో నా టోపీ పైకెత్తాడు. "నువ్వు సిపాయివా, దర్జీవా?"

"నేతగాళ్ల ఇంటివాణ్ణి. బట్ట చిరిగితే చూస్తూ ఊరుకోలేను," అన్నాను. దుబాసీ నా వెనక నుంచే ఆ మాట చెప్పాడు. నాకు భయం వెయ్యలేదనుకోకండి. సూది రెండుసార్లు వేలిలో దిగింది. లేచి నిలబడితే మాత్రం అయిపోయేది. లేవలేదు.

మర్నాడు తొమ్మిదింటికి తాడుకు అవతల దుమ్ము లేచింది. ఆడవాళ్లు. లారీలు ఆగాయని నర్సు చెబితే తెల్లవారకముందే నడక మొదలుపెట్టారట. వాళ్లు అరవలేదు, ఏడవలేదు. తాడుకు అటుపక్క, నాకు ఎదురుగా వచ్చి కూర్చున్నారు. వాళ్లకు మా అవ్వ ఎవరో తెలియదు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

ముందు వరుసలో ఒక ముసలామె. ఒళ్లో చేట. చెరుగుతోంది. చేటలో ఏమీ లేదు. ఒక్క గింజ లేదు. అయినా ఎగరేసి, పట్టి, ఊది, మళ్లీ ఎగరేస్తోంది.

తుపాకీ మనుషుల్లో ఒకడు ఆమెను గుర్తుపట్టాడు. వాళ్ల ఊరావిడే. వాడు తుపాకీ భుజానికి తగిలించుకుని తల తిప్పుకున్నాడు. వాణ్ణి చూసి ఇంకొకడు. నాయకుడు వాళ్ల మీద అరిచాడు, తర్వాత ఆడవాళ్ల మీద అరిచాడు. ఎవరూ లేవలేదు. పదకొండు దాటాక అతనే వెళ్లి జీపులో కూర్చున్నాడు. తాడు దిగింది. మేం చక్రాలు బిగించాం. పన్నెండు లారీలూ నిండుగా గుడారాలు చేరాయి. చివరి బస్తా దించుతుంటే వాన మొదలైంది.

ఇంటికి వచ్చాక ఇదంతా అవ్వకు చెప్పాను. పక్కింటి మగ్గాల మోతలో కాస్త గట్టిగానే చెప్పాల్సి వచ్చింది. ఆమె చేతులు బీడీ చుడుతూనే ఉన్నాయి.

"ఏం లేని చేట ఎందుకు చెరిగిందే అవ్వా?" అని అడిగాను.

"సాఫ్ జేసుకున్నది బిడ్డా. గింజలు ఎట్లయినా వస్తయని." చేతులు ఒక్క క్షణం ఆగాయి. "మరి నింపినవా?"

"నింపిన."

"గంతే సాలు."

ఆ ముసలామె చేటలో జొన్నలు పోసింది నేనే. అయినా ఆ నిండు చేట నాకు గుర్తుకు రాదు. కళ్లు మూస్తే ఇప్పటికీ తాడుకు అవతల ఖాళీ చేట లేస్తుంది, పడుతుంది, దాని మీదుగా ఆమె నన్నే చూస్తుంటుంది.