స్వయంగా చూడబడినది

సాంబశివరావు గారికి చేపలంటే సరిపడదు. వాసన అసలే పడదు, రుచి సంగతి ఆయనకి తెలియదు. గాలం ముట్టుకున్న పాపాన పోలేదు. అలాంటి మనిషి కొలరాడో కొండల్లో నాలుగు వేసవులపాటు ఏ పూట ఏ గాలానికి చేప పడుతుందో ఊరందరికీ చెప్పారంటే నమ్మడం కష్టమే. జరిగింది మాత్రం అదే.

ఆయన కృష్ణా కాలువ మీద ఒక లాకుల దగ్గర ముప్ఫై ఒక్క ఏళ్ళు గేజి రీడరుగా చేశారు. అదేం పెద్ద ఉద్యోగం కాదు. నీళ్ళలో నిలబెట్టిన కొలతపలక చూసి, అడుగులూ పాయింట్లూ రిజిస్టరులో రాసి, పక్కన ‘స్వయంగా చూడబడినది’ అని సంతకం పెట్టాలి. ఆ లాకుల వాళ్ళలో ‘ఇంటి గేజి’ అని ఒక మాట ఉండేది. ఈ వానలో ఎవడు వెళ్తాడులే అనుకుని, నిన్నటి అంకెకి అటో ఇటో ఒక పాయింటు చేర్చి అరుగు మీదే రాసిపడేస్తే అది ఇంటి గేజి. చుట్టుపక్కల చాలామంది రాసేవారు. సాంబశివరావు గారు రాయలేదు. జ్వరమొచ్చినా, మామగారు పోయినా, ముందు గేజి, తరవాతే తక్కినవి. ఇందుకు ఆయనకి ప్రమోషనూ రాలేదు, మెచ్చుకోలూ రాలేదు. అసలెవరూ గమనించలేదు.

రిటైరయ్యాక, 1985 ఏప్రిల్లో, భార్య రాజేశ్వరమ్మ గారితో కలిసి కూతురు జయంతి దగ్గరకి వచ్చారు. జయంతి ఒక చిన్న కొండ ఊళ్ళో డాక్టరు. ఆ ఊళ్ళో తెలుగువాళ్ళు ముగ్గురే, ఆ ముగ్గురూ ఒకే ఇంట్లో ఉన్నారు. జయంతికి ఆసుపత్రి ఉంది, రాజేశ్వరమ్మ గారికి వంటిల్లు ఉంది, ఆయనకి సోఫా ఉంది. మనిషన్నవాడు సోఫాలో ఎంతసేపని కూర్చుంటాడు?

పదోరోజున భార్యాభర్తలు నడుచుకుంటూ వెళ్తే వీధి చివర వంతెన, వంతెన కింద నది, పక్కనే ఒక కొట్టు కనపడ్డాయి. కొట్టు మీద ‘ఫ్లైస్’ అని పెద్ద బోర్డు.

“ఈగలు అమ్మడమేమిటండీ, చోద్యం కాకపోతే! మన దగ్గర ఊరికే వస్తాయి,” అన్నారు రాజేశ్వరమ్మ గారు.

లోపలికి వెళ్ళి చూస్తే ఈగలు కావు. చిన్న చిన్న కొక్కేలకి దారమూ ఈకలూ చుట్టి చేసిన బొమ్మ పురుగులు, అరలు అరలుగా. కొట్టు యజమాని వాల్ట్ ఆరడుగుల మనిషి, మాటలు మాత్రం పొదుపు. ట్రౌట్ అనే చేప నీటి మీద తేలే పురుగుల్ని తింటుందనీ, ఆ పూట నిజంగా లేచిన పురుగు ఏదైతే అదే కావాలంటుందనీ, వేరేది చూపిస్తే మొహం తిప్పుకుంటుందనీ చెప్పాడు. పట్టినవాళ్ళు దాన్ని తినరు, మళ్ళీ నీళ్ళలోకి వదిలేస్తారట.

“వదిలేసేదానికి పట్టడమెందుకూ?” అన్నారు రాజేశ్వరమ్మ గారు. దీన్ని ఆయన వాల్ట్‌కి ఇంగ్లీషులో చెప్పలేదు.

“మరి ఇవాళ ఏ పురుగు లేచింది?” అని మాత్రం అడిగారు.

“నిన్నటిదే అయ్యుంటుంది,” అన్నాడు వాల్ట్.

సాంబశివరావు గారికి ఒళ్ళు మండిపోయింది. పదివేల మైళ్ళు దాటొచ్చినా ఇంటి గేజి తప్పలేదు కదా!

మర్నాడే తెల్లరంగు డబ్బా కొనుక్కెళ్ళి, వంతెన స్తంభం మీద అడుగులూ పాయింట్లూ గీసేశారు. ఎవర్నీ అడగలేదు. మరుసటేడు కౌంటీ ఆఫీసు మనిషి ఎవరో వచ్చి, తమదే అనుకుని, దానికి మళ్ళీ రంగు వేసి వెళ్ళాడు. వాల్ట్ దగ్గర తాడు కట్టిన థర్మామీటరు ఒకటి తీసుకున్నారు. పొద్దున్న ఆరింటికొకసారి, మధ్యాహ్నం మూడింటికొకసారి గట్టు దిగి, నీటి మట్టం, నీటి వేడి, నీటి రంగు, లేచిన పురుగు నోటుబుక్కులో రాసి, తెచ్చి వాల్ట్ ముందు పెట్టేవారు. వారం తిరిగేసరికి వాల్ట్ కొట్టు బయట ఒక నల్లబల్ల వేలాడదీసి సుద్దముక్క ఆయన చేతికిచ్చాడు. రాయాల్సినవన్నీ రాసి, చివర అలవాటు కొద్దీ ‘స్వయంగా చూడబడినది’ అని ఇంగ్లీషులో పెట్టి సంతకం చేశారు. చదివినవాళ్ళు నవ్వారు. నవ్విన వాళ్ళే మర్నాడు మళ్ళీ వచ్చి చదివారు.

ఏటా చలికాలానికి విజయవాడ వెళ్ళడం, వేసవికి మళ్ళీ రావడం, అలా నది ఆయనకి వంటబట్టింది. జూన్‌లో కొండల మీది మంచు కరిగి నీళ్ళు బురదగా పరుగెడతాయి. అప్పుడు పైన తేలే ఈగ దండగ, అడుగున దొర్లే నల్లపురుగే గతి. జూలై వచ్చేసరికి నీళ్ళు తేరుకుంటాయి, పదింటి ఎండకి లేతపసుపు పురుగులు రెక్కలు నిలబెట్టుకుని లేస్తాయి. వీటిని మీ వైపు ఏమంటారని వాల్ట్ అడిగితే “ఉసిళ్ళు” అన్నారు. అచ్చంగా ఉసిళ్ళు కావని ఆయనకీ తెలుసు, కానీ అంతకన్నా దగ్గరి మాట దొరకలేదు. వాల్ట్ పసుపుదారంతో ఒక కొత్త ఈగ కట్టి, అర మీద ‘ఊసిల్, పదహారో నంబరు’ అని రాసుకున్నాడు. టెక్సాస్ నుంచి వచ్చిన పెద్దమనుషులు ఊసిల్ ఉందా అని అడిగి మరీ కొనుక్కెళ్ళేవారు. ఇక ఆగస్టులో గాలికి గడ్డిలోంచి మిడతలు నీళ్ళలో పడతాయి. అప్పుడు మిడత బొమ్మే రాజు.

అన్నిటికన్నా ముఖ్యం నీటి వేడి. ఫారెన్‌హీట్‌లో అరవై ఎనిమిది డిగ్రీలు దాటితే నీళ్ళలో చేపకి ఊపిరి చాలదు. అలాంటప్పుడు గాలంతో ఆడించి వదిలేస్తే ఈదుకుంటూనే వెళ్తుంది, కాసేపటికి చచ్చి తేలుతుంది. అరవై ఎనిమిది దాటిన రోజున ఆయన ఈగ పేరు రాసేచోట గీత గీసేవారు. గీత ఉంటే ఆ మధ్యాహ్నం వాల్ట్ ఎవర్నీ నది మీదకి పంపేవాడు కాదు. నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా తనే వెళ్ళి చూడలేదు. రావు చూశాడంటే చూసినట్టే.

1988లో వానల్లేవు, నది ఎముకలు తేలింది. ఆగస్టులో ఒకరోజు జయంతి సెలవు పెట్టింది.

“నాన్నా, వచ్చే నెల మీ ఫ్లైట్. ఇవాళ డెన్వర్ వెళ్ళి సూట్‌కేసులు షాపింగ్ చేసేద్దాం. నాకు మళ్ళీ ఆఫ్ దొరకదు.”

“మూడింటికి గేజి ఉందమ్మా.”

“ఒక్కరోజు గేజి చూడకపోతే నదేమీ పారిపోదులెండి,” అన్నారు రాజేశ్వరమ్మ గారు.

పొద్దున్న ఆరింటి అంకె రాసి బయల్దేరారు. మధ్యాహ్నం మూడైంది. డెన్వర్‌లో సూట్‌కేసుల కొట్టు పక్కన పబ్లిక్ ఫోను ఉంది. వాల్ట్ దగ్గరకి ఆ సాయంత్రం చేపలు పట్టడానికి ఎనిమిదిమంది జట్టు వస్తోందని ఆయనకి తెలుసు. ‘నేను ఊళ్ళో లేను, నువ్వే వెళ్ళి చూసుకో’ అని ఒక్క ముక్క చెబితే సరిపోయేది. చిల్లర పట్టుకుని కాసేపు నిలబడ్డారు. వాల్ట్ ఒకసారి గట్టు దిగాడంటే, ఇదెంతసేపు పని అనుకుంటాడు. తాడు వదలడం, తాడు లాగడం, అంతేగా. ఆ తరవాత తనెందుకు? మళ్ళీ సోఫాయేగా? గత మూడు రోజులు మూడింటికి అరవై అయిదు, అరవై ఆరు, అరవై ఆరు. ఫోనులో “అరవై ఆరు” అన్నారు. ఇంకేమీ అనలేదు.

“సరే, రావు,” అని వాల్ట్ పెట్టేశాడు.

మర్నాడు ఆరింటికి వంతెన కిందకి దిగితే మట్టం మూడు పాయింట్లు పడిపోయి ఉంది. ఎగువ రైతు నిన్న ఆయన బయల్దేరాక గడ్డి పొలానికి కాలువ తిప్పుకున్నాడు. కాలువకి వదిలితే నది తగ్గుతుందనీ, తగ్గిన నీరు ఇట్టే కాగుతుందనీ ముప్ఫై ఒక్క ఏళ్ళు కాలువ మీద బతికిన మనిషికి ఎవరు చెప్పాలి? స్తంభం దగ్గర, తను గీసిన అంకెల కిందే, ట్రౌట్‌లు వెల్లకిలా తేలుతున్నాయి. లెక్కపెట్టారు. పందొమ్మిది. నోటుబుక్కులో రాశారు. చేపంటే సరిపడని మనిషికి కళ్ళు చెమర్చాయి. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

కొట్టు దగ్గరకి వెళ్తే బల్ల మీద నిన్నటి అంకె అలాగే ఉంది. అరవై ఆరు, మిడత. కింద వాల్ట్ తన దస్తూరీతో, ఎవరూ అడక్కుండానే, ‘స్వయంగా చూడబడినది, ఎస్. రావు’ అని రాసిపెట్టాడు.

“పందొమ్మిది చేపలు పోయాయి,” అన్నారు సాంబశివరావు గారు.

“ఎండలు, రావు. ఎవరి తప్పూ కాదు.”

“నిన్న ఫోను డెన్వర్ నుంచి చేశాను.”

వాల్ట్ ఈగలు సర్దడం ఆపాడు. “డెన్వర్ నుంచి నది కనపడదే,” అన్నాడు.

“కనపడదు.”

ఆయన సుద్దముక్క తీసుకుని అంకె తుడిచేశారు. అక్కడ ‘నిన్నటి అంకె నేను నది చూడకుండా చెప్పింది. పందొమ్మిది చేపలు చచ్చిపోయాయి. మధ్యాహ్నాలు నదిలో దిగవద్దు. ఎస్. రావు’ అని రాశారు. ఈగ పేరు రాసేచోట గీత గీశారు. వాల్ట్ బయటికొచ్చి మొత్తం చదివాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

“రేపట్నుంచి మూడింటికి నేనే వెళ్తాను,” అన్నాడు.

ఆయన జేబులోంచి థర్మామీటరు తీసి, తాడు చుట్టి, కౌంటరు మీద పెట్టారు.

మిగిలిన మూడు వారాలూ సోఫాలోనే గడిచాయి. రాజేశ్వరమ్మ గారు సూట్‌కేసులు సర్దుతూ, “పోనీలెండి, చేపలకేం, మళ్ళీ పుడతాయి,” అన్నారు. సెప్టెంబరులో విజయవాడ వచ్చేశారు. ఇంక అమెరికా వెళ్ళేది లేదని జయంతికి ఉత్తరం రాసి, పోస్టు చెయ్యకుండా బీరువాలో పెట్టుకున్నారు.

జనవరిలో, వాళ్ళ అద్దెవాటాకి పోస్టుమాన్ ఒక కార్డు తెచ్చాడు. ఒకవైపు మంచు కప్పిన కొండల బొమ్మ. రెండోవైపు సుద్దముక్కతో రాసినంత పెద్ద అక్షరాలు:

‘పొద్దున్న ఆరు. మీ గేజి మీద ఎనిమిది పాయింట్లు. నీళ్ళు ముప్ఫై మూడు. అంచుల్లో మంచుగడ్డ. ఈగ ఏదీ లేదు. గట్టు చాలా ఏటవాలు, రోజుకి రెండుసార్లు మీరెలా దిగారో నాకు తెలియదు. థర్మామీటరు మేకుకి వేలాడుతోంది, జూన్ ఒకటో తారీఖు దాకా అక్కడే ఉంటుంది. స్వయంగా చూడబడినది. వాల్ట్.’

సాంబశివరావు గారు కార్డు రెండుసార్లు చదివారు. కళ్ళజోడు తుడుచుకుని నోటుబుక్కు తీసి, తారీఖు వేసి, ఎనిమిది పాయింట్లు, ముప్ఫై మూడు అని ఎక్కించారు. అలవాటు కొద్దీ పక్కన ‘స్వయంగా’ దాకా రాసి ఆగిపోయారు. ఆ మాట కొట్టేసి, ‘వాల్ట్ చూశాడు’ అని రాశారు.

“ఏమిటండీ అది?” అన్నారు రాజేశ్వరమ్మ గారు వంటింట్లోంచి.

“గేజి,” అన్నారాయన, బీరువాలో ఉత్తరం ఎక్కడుందో వెతుకుతూ, చింపెయ్యడానికి.