వెనక సీటు బరువు

మొన్న ఆదివారం ఉదయం ఏడుంబావుకు షెడ్డు తలుపు తీస్తే మోటారు సైకిలు ముందు టైరు గాలి పోయి నేలకు అంటుకుని ఉంది. మేకు దిగింది. మూలనున్న జాకీని ఇంజను కిందికి తోసి, కాలితో మీట తొక్కాను. పది తొక్కులకు చక్రం లేచింది. ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడే అవసరం రాలేదు. ఆ జాకీ మా ఇంటికి ఎలా వచ్చిందో రాయాలని చాలా కాలంగా అనుకుంటున్నాను.

నేను పాత్రపూర్ దగ్గర ఒక బడిలో లెక్కలూ సైన్సూ చెప్పేవాణ్ణి. బరంపురం నుంచి రోజూ ఆ బండి మీదే వెళ్ళేవాణ్ణి. సెలవు రోజున మా ఆవిడా నేనూ గోపాలపూర్ వెళ్ళి చేపలు తెచ్చుకునేవాళ్ళం. అక్కడి ఇసుక ముందు బ్రేకులో చేరి కీచుమనేది. నెలకోసారి చక్రం విప్పి తుడవాలి, ఆ పని మరొకరి చేతికివ్వడం నాకు నచ్చదు. బండిని నడిమి స్టాండు మీద నిలబెడితే లేచేది వెనక చక్రం. ముందుది లేవాలంటే సీటు చివర ఒక మనిషి కూర్చోవాలి. పాతికేళ్ళు ఆ మనిషి మా ఆవిడే. ఒళ్ళో చేట పెట్టుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతూ, నా పని అయ్యేదాకా అలాగే కూర్చునేది. "నన్ను బరువు సూసి సేసుకున్నారా ఏటండీ?" అనేది. నేను ఆలస్యం చేస్తే, "దిగిపోమంటారా? మీ బండి ముక్కు పగిలిపోతాది" అని బెదిరించేది. ఒకసారి చక్రం విప్పి ఉండగా కొడల నుంచి మా పిన్ని వచ్చింది. కోడలు లేవకపోయేసరికి గుమ్మంలోనే ఆగిపోయి, "పెద్దదాన్ని వొస్తే లెగవేటే? ఏం కోడలివే!" అంది. "లెగితే మీ అబ్బాయి సెయ్యి నలిగిపోతాది అత్తా. కాళ్ళు ఇలా సాపితే ఇక్కడినుండే దణ్ణమెట్టీస్తాను" అంది మా ఆవిడ. పిన్ని తను పోయేదాకా ఆ మాట చెప్పుకుని నవ్వేది.

ఒక ఆదివారం ఆవిడ కూర్చుంది, చక్రం లేవలేదు. ఇంకాస్త వెనక్కి జరగమన్నాను. జరిగింది. అయినా టైరు నేలను వదల్లేదు. "సరిగ్గా కూర్చో" అని విసుక్కున్నాను. "కూకునే ఉన్నాను కదండీ" అంది, చేటలోంచి తల ఎత్తకుండా. స్టాండు అరిగిపోయిందనుకున్నాను. పిల్లలకు మీటల పాఠం చెప్పేవాణ్ణి, ఒక వైపు బరువు తగ్గితే రెండో వైపు లేవదని ఎన్నిసార్లు బల్ల మీద గీసి చూపించానో. ఆ రోజు అది తోచలేదు. మర్నాడు మెకానిక్కు దగ్గరికి తీసుకెళితే, "స్టాండుకేటీ అవలేదు మాస్టారూ, కొత్తదానిలాగుంది" అన్నాడు. వాడికి చూపు మందగించిందనుకుని, ఇక జాకీ కొనడమే మేలని నిర్ణయించుకున్నాను.

ఆ వారంలోనే ఇద్దరం ఇనుప సామాన్ల దుకాణానికి వెళ్ళాం. రెండు రకాలున్నాయి. ఒకటి కత్తెరలా తెరుచుకునేది, చిన్నది. రెండోది వెడల్పు పీట ఉన్న నూనె జాకీ. దుకాణదారు బండి బరువెంతని అడిగాడు. కిలోతో సహా చెప్పాను. నేను జాకీల రబ్బరు పట్టీలు నొక్కి చూస్తుండగా మా ఆవిడ ఊరికే, ఊచలు తూచే కాటా ఎక్కి నిలబడింది. ముల్లు నలభై ఒకటి దగ్గర ఆగింది. చిన్న కొడుకు పుట్టాక అరవై దాటానని తానే చెప్పుకునేది. "మీ కాటా తప్పు బాబూ" అని నవ్వింది. దుకాణదారుకు పౌరుషం వచ్చింది. "నా కాటా తప్పేటమ్మా? సూడండి" అంటూ ఇరవై కిలోల రాయిని తెచ్చి పెట్టాడు. ముల్లు సరిగ్గా ఇరవై దగ్గర నిలిచింది. ఆవిడ రవిక భుజం దగ్గర కొత్త కుట్లు రెండు వరసలు కనిపించాయి. ఎప్పటినుంచి కుట్టుకుంటోందో నాకు తెలీదు. "ఎన్నాళ్ళయింది?" అన్నాను. "ముందు మీ పని కానీండి" అంది.

నేను చిన్న జాకీ మీద చెయ్యి వేసి ఉన్నాను. "దానికైతే బండి పడకండా ఇంకో మనిషి పట్టుకోవాలమ్మా" అని దుకాణదారు ఆవిడకు చెప్పాడు. "నువ్వుంటావు కదా పట్టుకోడానికి" అన్నాను. ఆవిడ పీట జాకీ చూపించి, "అది తీసుకోండి. ఒక్కలే సేసుకోవచ్చు" అంది. అదే తీసుకున్నాం. తిరుగు దారిలో జాకీని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. గతుకుల్లో నా వీపుకు ఇనుము తగిలేది, ఆవిడ చెయ్యి తగిలేది కాదు. మర్నాడు ఆస్పత్రికి తీసుకెళ్ళాను. జబ్బు కడుపులో ఉందనీ, ఆలస్యమైందనీ డాక్టరు చెప్పాడు. ఆ ఏడు వానలు తగ్గకముందే ఆవిడ పోయింది.

జాకీ మంచిది. పదకొండేళ్ళలో చుక్క నూనె కారలేదు. బియ్యం ఇప్పుడు రాళ్ళు లేకుండానే వస్తున్నాయి, చేట అటక మీద ఉంది. మా ఇంట్లో ముందు చక్రం విప్పేటప్పుడు బండి వెనక ఇప్పుడు ఎవరూ కూర్చోరు.