త్రిపురారానికి వెళ్లని కబురు

పదిహేనేళ్ల కిందట ఒక కబురు పంపవలసి ఉండి నేను పంపలేదు. పంపానని ఒకరికి చెప్పాను. పంపవద్దన్నారని ఇంకొకరికి చెప్పాను. ఆ ఇద్దరూ తల్లీ కూతుళ్లు. ఇద్దరూ నన్ను నమ్మారు. తల్లి ఈ ఎండాకాలం చనిపోయింది.

ఇన్నేళ్లూ దీన్ని ఎవరికీ చెప్పకుండా మోశాను. మోయడం అలవాటైతే బరువు తగ్గుతుందంటారు. తగ్గలేదు. ఈ పత్రిక చదివే మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

సూర్యాపేటలో ఒక బడిలో టీచరుగా పనిచేస్తున్నాను. పెళ్లయిన నాలుగో ఏట భర్త పోయాడు. పిల్లలు లేరు. మా అన్నది మిర్యాలగూడ దగ్గర త్రిపురారం. కాలువ కింద వరి పొలం. ఆయనకు ఒక కూతురు, ఒక కొడుకు. కూతురిని ఇక్కడ పద్మ అంటాను, అసలు పేరు అది కాదు. ఐదో తరగతి అయిపోగానే మంచి చదువు కోసమని దాన్ని నా దగ్గరికి పంపారు. నాలుగేళ్ల తర్వాత తమ్ముడూ వచ్చాడు. ఇద్దరినీ నేనే చదివించాను. లెక్కలు చెప్పాను, పుస్తకాలకు అట్టలు వేశాను, పరీక్షలప్పుడు సెంటరు దాకా వెంట వెళ్లాను. ఇప్పటికీ మా చుట్టాల్లో ఎవరింట్లోనైనా పిల్లలు చదవకపోతే, వాళ్లకు అలాంటి మేనత్త లేదు మరి, అని నా గురించే చెప్పుకుంటారు. అందులో అబద్ధం లేదు. నేను మంచి మేనత్తనే. ఆ మంచితనం, నేను చెప్పబోయేది, రెండూ ఒకే మనిషివి. దీన్ని ఎలా అర్థం చేసుకోవాలో నాకు ఇప్పటికీ తెలియదు.

నాలో ఉన్నదాని పేరు రాయడానికి కూడా చాలా రోజులు పట్టింది. మొదట బాధ అని రాశాను. కొట్టేశాను. ఒంటరితనం అని రాశాను. అదీ కొట్టేశాను. అసూయ. వదిన మీద అసూయ.

సెలవులకు ఊరికి వెళ్లి వచ్చినప్పుడల్లా పద్మకు వాళ్లమ్మ వేసిన జడ ఉండేది. బాగా నూనె పెట్టి, బిగించి వేసిన ఒంటి జడ. మా బడిలో రెండు జడలు వేసుకోవాలి. విప్పుతానంటే, “రేపు ఇప్పుదాంలె అత్తా,” అనేది. ఆ రేపు రెండు రోజులకు వచ్చేది. ఆ రెండు రోజులూ నేను ఆ జడనే చూస్తూ ఉండేదాన్ని. జ్వరమొస్తే తడిగుడ్డ వేసేది నేను. మగతలో అది పిలిచేది వాళ్లమ్మను. వదినకు చదువు రాదు. కూతురు ఏ తరగతిలో ఉందో ఒక్కోసారి తప్పు చెప్పేది. అయినా ఆ పిలుపు ఆమెకే దక్కేది. నేను చదివిన పుస్తకాల్లో ఇలాంటి ఆడవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల మీద జాలిపడుతూ చదివాను. వాళ్లలో నేనూ ఉన్నానని ఒక్కసారి కూడా అనిపించలేదు.

పద్మ ఎనిమిదో తరగతిలో ఉండగా, శ్రావణ మాసంలో, పెద్దమనిషి అయింది. మధ్యాహ్నం బడి నుంచి ఇంటికి వచ్చి, భయపడి, తలుపు దగ్గరే నిలబడిపోయింది.

అలాంటప్పుడు ఏం చేయాలో మా ఇళ్లలో అందరికీ తెలుసు. ముందు తల్లికి కబురు వెళ్లాలి. ముత్తైదువలను పిలవాలి. వాళ్లు పిల్లకు పసుపు రాసి, బొట్టు పెట్టి, కొత్త చాప మీద కూర్చోబెట్టాలి. ఆ పనుల్లో అందరికన్నా ముందుండవలసింది మేనత్త. కానీ భర్త పోయిన మేనత్త కాదు. ఆమె వంటింట్లో ఉండాలి. నువ్వులూ బెల్లమూ దంచి ఉండలు చేయవచ్చు. వాటిని తన చేత్తో పిల్ల నోట్లో పెట్టకూడదు.

అదంతా నాకు ఒక్క నిమిషంలో కళ్ల ముందు కనిపించింది. వదిన వస్తుంది. వెంట నలుగురు ఆడవాళ్లు వస్తారు. నా ఇంట్లో, నేను పెంచిన పిల్లను, నేను గడప ఇవతల నుంచి చూస్తాను.

దాచాలని అప్పుడే నిర్ణయించుకున్నానా? లేదనే అనుకుంటున్నాను. ఒక్క రోజు నాకు ఉండనీ, రేపు కబురు పంపుతాను, అనుకున్నాను. తలుపు వేశాను. నా చేత్తోనే పసుపు రాశాను. నా చేత్తోనే బొట్టు పెట్టాను. పక్కింటివాళ్లు అడిగితే పిల్లకు జ్వరమన్నాను. బడికి ఇద్దరి పేర్లా సెలవు చీటీలు రాసి, రెండింటిలోనూ అదే జ్వరం రాశాను.

మర్నాడు పొద్దున మల్లయ్య వచ్చాడు. మా అన్న పొలంలో పనిచేసే పెద్దాయన. నెలకోసారి బియ్యం మూట బస్సు మీద వేసుకుని తెచ్చేవాడు. మూట దించి అరుగు మీద కూర్చుని, “టీచరమ్మా, ఛాయ్‌ల జర శక్కెర ఎక్వెయ్యి. మీ వదినె పోసే ఛాయ్ తాగితే నోరు కడుక్కున్నట్టే ఉంటది,” అన్నాడు. నవ్వాను. పిల్ల ఏదని అడిగాడు. బడికి వెళ్లిందన్నాను. పద్మ లోపలి గదిలో చాప మీద ఉంది. దానికి ఆయన గొంతు వినిపించింది గానీ మాటలు తెలియలేదు. ఆయన ఛాయ్ తాగి వెళ్లిపోయాక లోపలికి వెళ్లాను.

“మల్లయ్య తాతనేనా అత్తా?”

“ఆ.”

“అమ్మకు జెప్పమన్నవా?”

నిజం చెప్పవచ్చు. మరిచిపోయాను, సిగ్గుపడ్డాను, రేపు పంపుతాను. ఏదైనా చెప్పవచ్చు. ఆ పిల్ల నా ముఖంలోకి చూస్తున్నది.

“జెప్పమన్న,” అన్నాను.

“అయితె రేపొస్తది. పొద్దుగాల బస్సుకే వస్తది సూడు.”

మా ఇల్లు బస్టాండుకు దగ్గర. మిర్యాలగూడ నుంచి బస్సు వచ్చే వేళకల్లా పద్మ నిటారుగా కూర్చునేది. కాసేపటికి మళ్లీ గోడకు చేరబడేది. మర్నాడు అలా మూడు బస్సులు చూసింది. ఆ మర్నాడు నేనే ముందుగా అన్నాను, “నాట్లు పడ్డయంట బిడ్డా. కూలోళ్లు దొర్కుతలేరంట. ఒడువంగనె వస్తనన్నదంట. బస్సుల వచ్చినాయన జెప్పి పోయిండు.”

“గట్లనా?” అన్నది. నవ్వింది. “మా అమ్మకు నాకన్న వరి నారే ముద్దు తియ్యి.”

తర్వాత గోడ వైపు తిరిగి పడుకుంది. లేపి, నువ్వుల ఉండ నోట్లో పెట్టాను. నా చేతిలోంచి తిన్నది. నాకు సంతోషం కలిగింది. ఆ పిల్ల కళ్లలో నీళ్లున్నాయి, నాకు సంతోషం కలిగింది. ఈ ఒక్క సంగతి వదిలేసి మిగతాదంతా రాస్తే నేను ఏమీ ఒప్పుకోనట్టే.

ఐదో రోజు తలస్నానం చేయించాను. ఇక దాచడం కుదరదు. మర్నాడు పొద్దున్నే మిర్యాలగూడ మీదుగా వెళ్లే ఒక తోటి టీచరుతో త్రిపురారానికి కబురు పంపాను. పొద్దు వాలకముందే వదిన వచ్చింది. పొలం నుంచి అట్నుంచటే బస్సెక్కింది. చీర అంచున బురద ఎండిపోయి ఉంది. చాప దగ్గరికి వెళ్లి కూర్చుంటే పద్మ, “ఒడిసినయా నాట్లు?” అని అడిగింది. వదినకు ఆ మాటలో ఉన్నది తెలియలేదు. “యాడొడిసినయి బిడ్డా, నడుమల ఇడిసిపెట్టి వచ్చిన,” అంది. పద్మ తల వంచుకుని చాప పుల్ల లాగుతూ కూర్చుంది. నేను తలుపు దగ్గర నిలబడి ఇద్దరినీ వింటున్నాను. ఇంకొక్క మాట ఎవరు మాట్లాడినా నేను దొరికిపోయేదాన్ని.

ఎవరూ మాట్లాడలేదు. వదిన వంటింట్లోకి వచ్చింది.

“ఎన్నొద్దులాయె పిల్లా?”

“ఐదు దాటినయి వదినె.”

“అయ్యో, గా దినమే కబురంపకపోతివి? మల్లయ్య సుత వచ్చిండె గద.”

“పిల్లనే వద్దన్నది. ఎవ్వరికి జెప్పకన్నది. సిగ్గయితుందంట.”

“నాకు సుత జెప్పొద్దన్నదా?”

“నీకు సుత.”

వదిన పొయ్యి పక్కన కూర్చుంది. పొయ్యిలో కట్టెలు సర్దింది. తర్వాత, “పోనీ తియ్యి. నువ్వున్నవ్ గద. నేనైతే ఏంది, నువ్వైతే ఏంది,” అంది.

పదకొండో రోజు త్రిపురారంలో వేడుక చేశారు. నేను అనుకున్నట్టే వంటింట్లో ఉన్నాను. బయట గంధం రాస్తున్నారు. వదిన గంధం గిన్నె పట్టుకుని లోపలికి వచ్చింది. నా చేయి పట్టుకుని పందిట్లోకి తీసుకుపోయి, “నువ్వు రాయి,” అంది. చుట్టాల్లో ఒక పెద్దావిడ ఏదో గొణిగింది. వదిన ఆమె వైపు తిరిగి, “సాకుతున్నది ఆమె. రాసుడు మాత్రం నువ్వొచ్చి రాస్తవా పెద్దమ్మా?” అంది. నలుగురూ నవ్వారు. నేను రాశాను. కొంగుతో కళ్లు తుడుచుకున్నాను. అందరూ సంతోషంతో అనుకున్నారు.

కబురు పంపి ఉంటే మొదటి రోజే ఆమె నన్ను ముందు నిలబెట్టి ఉండేది. నేను దొంగిలించుకున్నదాన్ని ఆమె అడక్కుండానే ఇచ్చేది. ఆ రోజు చెప్పేసి ఉండవచ్చు. ఎందుకు చెప్పలేదు? అంత మంచి మనిషికి చెప్పడం ఇంకా కష్టమనిపించింది. అసూయ అప్పటికీ పోలేదు. నిజానికి పెరిగింది. ఆమె నాకన్నా మంచిదని కూడా ఇక నాకు తెలిసిపోయింది.

తల్లీ కూతుళ్లు ఎప్పుడో మాట్లాడుకుంటారని, అంతా బయటపడుతుందని రెండేళ్లు భయపడ్డాను. మాట్లాడుకోలేదు. నాకన్నా నీకు పొలమే ఎక్కువైందా అని కూతురు అడగలేదు. నన్నెందుకు వద్దన్నావని తల్లి అడగలేదు. ఇద్దరిదీ ఒకటే స్వభావం. మనసుకు తగిలితే నోరు మూసుకుంటారు. అది నాకు ముందే తెలుసా? తెలుసు. పద్మ సెలవులకు ఊరికి వెళ్లడం తగ్గించింది. వెళ్లినా రెండు జడలతోనే తిరిగి వచ్చేది.

పద్మను కోదాడ ఇచ్చారు. ఎరువుల దుకాణం ఉన్న కుటుంబం, మంచివాళ్లు. మొదటి కాన్పుకు ఆడపిల్ల తల్లిగారింటికి రావాలి. పద్మ నా దగ్గరికి వస్తానంది. సూర్యాపేటలో అయితే దవాఖాన దగ్గర అని అందరికీ చెప్పింది. మిర్యాలగూడలో దవాఖానలు లేవా? వదిన అలా అనలేదు. సంచి సర్దుకుని నా ఇంటికే వచ్చింది. చుట్టంలా ఒక మూల కూర్చునేది. పిల్లవాడు పుట్టాక నేను ఎత్తుకుని ఉంటే దగ్గరికి వచ్చి, “జర ఎత్తుకోనా?” అని నన్ను అడిగింది. తన మనవడిని ఎత్తుకోవడానికి నన్ను అడిగింది.

ఇచ్చాను. అంతే చేశాను.

పోయిన ఏడు వదినకు జబ్బు చేసింది. ఈ ఎండాకాలం మిర్యాలగూడలో ఒక ప్రైవేటు దవాఖానలో చాలా రోజులు ఉంది. బడికి సెలవు పెట్టి నేనే దగ్గరున్నాను. ఎందుకున్నానో నన్ను అడగకండి. ప్రేమ ఉంది. అది ఒక్కటే అయితే బాగుండేది. ఒకరోజు గంజి తాగిస్తుంటే, “పద్మ నా మీద ఎప్పుడన్న ఏమన్న అన్నదా నీతోని?” అని అడిగింది. “నేనేం తప్పు జేసిన్నో సమజైతలేదు.” ఏమీ అనలేదని చెప్పాను. అది నిజమే. పద్మ ఎప్పుడూ ఏమీ అనలేదు. నిజం చెప్పి కూడా మోసం చేయవచ్చని ఆ రోజు నేర్చుకున్నాను. చెంచాతో ఇంకొంచెం గంజి పట్టాను. ఎనిమిది రోజుల తర్వాత ఆమె పోయింది.

కోదాడ నుంచి పద్మ వచ్చింది. చేయవలసినవన్నీ చేసింది. ఏడవలేదు. దశదినం అయ్యాక మేమిద్దరం గిన్నెలు సర్దుతున్నాం. ఇప్పుడు దాని మాటలో కోదాడ యాస కలిసింది.

“నాకు ఏడుపు రావట్లేదేంటి అత్తా? అమ్మే కదా. అందరూ చూస్తున్నారు, నాకేమో రావట్లేదు. నన్ను పెంచింది నువ్వు కదా, అందుకేనేమో.”

ఒకప్పుడు ఆ మాట వినడం కోసం నేను ఏమైనా ఇచ్చేదాన్ని. ఇవ్వకూడనిది ఇచ్చాను కూడా, అదీ నాది కానిది. గిన్నె కింద పెట్టి దాని తల నిమిరాను. చెప్పలేదు. అప్పుడు కూడా చెప్పలేదు.

అందుకే ఇది రాస్తున్నాను. ఈ పత్రిక కోదాడ కూడా వెళ్తుంది. పద్మ ఇలాంటివి వదలకుండా చదువుతుంది. ఆ అలవాటు నేను చేసిందే. పేర్లు మార్చాను గానీ, బియ్యం మూట దాకా వచ్చేసరికి గుర్తుపడుతుంది. ఎదురుగా చెప్పే ధైర్యం లేక ఇలా చెప్పిందనుకుంటుంది. నిజమే. నా గడప తొక్కనంటుందేమో. అదీ న్యాయమే. వదినను అడిగే వీలు లేదు. క్షమించమని పద్మను అడగను. అడిగితే మళ్లీ దాని దగ్గర ఏదో తీసుకోవాలని చూసినట్టే. నేను పంపలేదు, అని ఇన్నేళ్లలో మొదటిసారి రాశాను. రాసి, మళ్లీ చదువుకున్నాను. బరువు కొద్దిగా తగ్గింది. ఎక్కువ కాదు.

ఏడుపు రాలేదని బాధపడకు, పద్మా. దానికి కారణం నువ్వు కాదు, మీ అమ్మ కాదు. ఆ ఐదు రోజులూ ఆమెకు తెలియదు. తెలిసిన రోజే వచ్చింది.