బోర్డు మీద అమ్మ పేరు

పందొమ్మిది వందల నలభైలలో, నాకు పదకొండేళ్ళప్పుడు, బెజవాడలో మా అమ్మ ఇంటింటికీ గేదెపాలు పోసేది. మునిసిపాలిటీ ఇనస్పెక్టరు పాలు పరీక్షించి, నీళ్ళు కలిపినవాళ్ళ పేర్లు మార్కెట్టు ముందు నల్లబోర్డు మీద రాయించేవారు.

ఒకరోజు బోర్డు చుట్టూ జనం మూగారు. అమ్మకు చదువు రాదు. "ఏం రాశారే?" అంది. మొదటి పేరే అమ్మది! "నీ పేరు లేదమ్మా" అనేశాను.

రోజూ పాలు పోయించుకునే పంతులమ్మగారింటికి వెళ్తే, ఆవిడ గిన్నె వెనక్కి తీసుకున్నారు. "బోర్డు మీద నీ పేరు చూశాం సుబ్బమ్మా. రేపట్నించి రావద్దు."

నేను ఏడ్చేశాను. దారిలో అమ్మ నన్ను దగ్గరకు తీసుకుని, "నాకోసం అబద్ధమాడావా తల్లీ? తప్పు నాదే. గేదె వట్టిపోతుంటే, వాడిక ఇళ్ళు పోతాయని నీళ్ళు పోశాను" అంది.

మర్నాడు తనే ఇనస్పెక్టరు దగ్గరికెళ్ళి పాలు చూపించింది. "చిక్కగా ఉన్నాయి, నీ పేరు తీయించేస్తాను" అన్నారాయన. అక్కణ్ణించి నేరుగా పంతులమ్మగారి గుమ్మంలోకి వెళ్ళి నిలబడింది.

"అమ్మగారూ, గేదె తక్కువిస్తోంది. సోలకు బదులు అరసోలే పోస్తాను. నీళ్ళు మాత్రం కలపను."

ఆవిడ లోపలికెళ్ళి గిన్నె తెచ్చి పట్టారు. మిగతా ఇళ్ళవాళ్ళు ఏమంటారోనన్న భయంతోనే అమ్మ అరసోల కొలిచి పోసింది. అంత భయంలో అంత ధైర్యం నేను మళ్ళీ ఎవరిలోనూ చూడలేదు.