వానల్లో కోసిన సరుగుడు

కార్ఖానా అనే బస్తీ వెనక ఉన్న సర్కారు క్వార్టర్లలో నన్ను తోటమాలీగా వేసింది 1946 ఎండాకాలంలో. పోలీస్ యాక్షన్ నాటికి నాయబ్ జమేదారునయ్యాను. ఈ హోదాల వరుస ఇప్పటివాళ్లకు తెలియదు కనుక చెబుతాను. అడుగున మాలీలు, వాళ్ల మీద జమేదారు, ఆయన మీద ఓవర్సీరు, ఆ పైన ఇంజనీరు సాబ్. నాయబ్ అంటే జమేదారు చేతికింది మనిషి. జీతం మాలీది, తిట్లు జమేదారువి. నాలుగో తరగతిలో బడి మానిన నాకు అదే పెద్ద కుర్చీ. మానడం అని మర్యాదకు అంటున్నాను. మిషను బడిలో మా టీచరమ్మ నడుస్తుంటే వెనకే ఆమెలా నడిచి చూపించాను. క్లాసంతా నవ్వింది. ఆమె వెనక్కి తిరిగింది. అక్కడితో నా చదువు పూర్తయింది.

మా జమేదారు పేరు ఖాదర్ మియా. యాభై దాటిన సన్నటి మనిషి. నాకు రంపం పట్టడం నేర్పింది ఆయనే. పెద్ద కొమ్మ తీయాలంటే మూడు కోతలు. మొదటిది కింది నుంచి, కొమ్మ లావులో పావు వంతు. రెండోది దానికి జానెడు అవతల, పైనుంచి. అప్పుడు కొమ్మ బరువుకు విరిగినా బెరడు చీలుకుంటూ మాను మీదికి రాదు. మిగిలిన మొండిని మూడో కోతతో తీసేయాలి. అయితే కొమ్మ మానును కలిసేచోట ఉబ్బెత్తుగా ఒక మెడ ఉంటుంది, దాన్ని ముట్టకూడదు. గాయం మానేది అక్కడి నుంచే. ఇళ్ల పెంకుల మీదికి వంగిన కొమ్మలైతే మోకు కట్టి మెల్లగా దించాలి. ఈ పనంతా చలి తగ్గాక మొదలుపెట్టి ఉగాదిలోపు ముగించాలి. వానల్లో చెట్టుకు కత్తి తగలకూడదు. తగిలితే గాయంలో నీరు దిగి కుళ్లుతుంది. ఒక మాలీ ఆషాఢంలో దారికి అడ్డమని వేపకొమ్మ కొట్టినందుకు ఖాదర్ మియా అతని గొడ్డలి లాక్కుని నెలరోజులు గడ్డి పీకించాడు.

ఇంకో నియమం ఉండేది. కొమ్మ, ఆకు, కాయ అన్నీ సర్కారు సొత్తు. క్వార్టర్లో కాపురమున్నవాళ్లు చెట్టును ముట్టినా, కొట్టిన కట్టె ఇంట్లో పెట్టుకున్నా అలాట్‌మెంటు రద్దవుతుంది. నాలుగు లైన్లు, నలభై ఎనిమిది ఇళ్లు. గుమాస్తాలు, బడి టీచర్లు, నౌకర్లు, అన్ని మతాలవాళ్లూ ఉండేవారు. పెరటి వేపచెట్టు నుంచి పళ్లపుల్ల విరవాలన్నా నలుదిక్కులా చూసి విరిచేవారు.

1948 వానాకాలం సంగతి ఆనాటివాళ్లకు చెప్పనక్కర్లేదు. జిల్లాల్లో గొడవలకు భయపడి కట్టెల బండ్లు ఊళ్లోకి రావడం మానేశాయి. గ్యాస్ నూనె, అంటే కిరోసిన్, దొరకడం లేదు. కార్ఖానాలో ఉన్న ఒక్క కట్టెల అడితి మూతపడింది. ముసురు పట్టి నాలుగు రోజులైంది. రెండో లైనులో ఒక టీచరమ్మ కూతురు పురుటికి వచ్చి ఉంది. ఆ ఇంట్లో కుర్చీ కాళ్లు విరిచి పొయ్యిలో పెట్టారని మాకు తెలిసింది. ఆ మర్నాడు పొద్దున ఖాదర్ మియా నన్ను పిలిచి, వెనక గోడ పొడుగునా ఉన్న సరుగుడు చెట్లకు తలలు కొట్టాలన్నాడు.

"వానల్లోనా?" అన్నాను.

"వాన పడ్తున్నదని నాకు తెల్వదా? ఎక్కు."

ముప్పై చెట్లు. మిగతా మాలీలను లాలాగూడ వైపు పనికి పంపి, మేమిద్దరమే నాలుగు రోజుల్లో కొట్టాం. సరుగుడునే ఎందుకు ఎంచాడో పైన కూర్చున్నాక అర్థమైంది. వేప, తుమ్మ పచ్చిగా ఉంటే పొగే తప్ప మంట రాదు. సరుగుడు చెట్టు మీంచి దించి పొయ్యిలో పెట్టినా మండుతుంది. కొట్టిన కొసలను మూరెడు ముక్కలుగా కోసి, గోనెలో చుట్టి, ఇళ్ల వెనక గుమ్మాల దగ్గర పెట్టి వచ్చేవాళ్లం. పసిపిల్లలున్న ఇళ్లు ముందు, ముసలివాళ్లున్న ఇళ్లు తర్వాత. ఆయన చూసుకున్న వరుస అదొక్కటే.

అది రజాకార్లు కర్రలు పట్టుకుని వీధుల్లో కవాతు చేస్తున్న సమయం. నోరూరుకోదు కదా, నిచ్చెన మీద తడుస్తూ నేనన్నాను: "ఏందీ చాచా, లాఠీల దుకానం షురూ చేసినవా?"

"చేసిన. మొదటి లాఠీ నీ వీపుకే," అన్నాడాయన. ఇద్దరం నవ్వుకున్నాం. వానకు తడిసి వణుకుతూ నవ్విన ఆ నవ్వు నాకిప్పటికీ వినిపిస్తుంది.

సెప్టెంబరులో పోలీస్ యాక్షన్ ఐదు రోజుల్లో ముగిసింది. దఫ్తర్లలో దాని తర్వాతి పని మాత్రం నెలల తరబడి సాగింది. ఎవరు ఎటువైపు ఉన్నారని విచారణలు మొదలయ్యాయి. కొందరు నిజంగానే చేసినదానికి పట్టుబడ్డారు. కొందరిని పేరు చూసి పట్టుకున్నారు.

జనవరిలో మాకు కొత్త ఓవర్సీరు వచ్చాడు. కృష్ణా జిల్లావైపు నుంచి వచ్చిన పడుచు అధికారి, పనిమంతుడు, చెట్ల జబ్బులు పుస్తకంలో చదివినవాడు. మొదటి తనిఖీలో వెనక గోడ దగ్గర ఆగిపోయాడు.

"ఏమిటయ్యా రత్నం ఇది? వరసంతా మొండాలే ఉన్నాయి. తలలేమైనాయి?"

కొత్త అధికారిని నవ్వించి మచ్చిక చేసుకోవడం నా అలవాటు. పాత మాటే తీసి వేశాను. "మా జమేదార్ సాబ్ అప్పట్ల లాఠీల దుకానం పెట్టిండు సార్. గిరాకీ మస్తుగుండె."

ఆయన నవ్వలేదు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి పెన్సిలుతో ఏదో రాసుకున్నాడు. చెట్ల నంబర్లు రాసుకుంటున్నాడనుకుని నేను మరో నాలుగు మాటలు కలిపాను. కర్ర నున్నగా చెక్కితే ఒక రేటు, చెక్కకపోతే ఒక రేటని కూడా చెప్పినట్టు గుర్తు.

మూడు వారాలకు ఖాదర్ మియాను సస్పెండు చేస్తూ కాగితం వచ్చింది. సర్కారు చెట్లు నరికి రజాకార్లకు కర్రలు సరఫరా చేశాడన్నది నేరం. సాక్షి నేను. ఆ రోజుల్లో ఆ నేరం రుజువైతే ఉద్యోగంతో ఆగదు, జైలే. ఓవర్సీరు దగ్గరికి పరుగెత్తి, అది పరాచికం సార్ అని బతిమాలాను. ఆయన ఇబ్బందిగా చూసి, పైకి పంపిన రిపోర్టును వెనక్కి తీసుకునే అధికారం తనకు లేదని, చెప్పదలచింది విచారణలో చెప్పమని అన్నాడు. ఆయనది చెడు బుద్ధి అని నేను ఎప్పుడూ అనలేదు. విన్నది రాశాడు.

విచారణకు ముందురోజు సాయంత్రం ఖాదర్ మియా ఇంటికి వెళ్లాను. పంపుహౌసు వెనక ఒంటిగది క్వార్టరు. గుమ్మంలో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతున్నాడు. పనిలేని చేతులకు అదొక పని. కూర్చోమన్నాడు. నేను కూర్చోలేదు.

"కట్టెలు ఏ ఇండ్లకు ఇచ్చినమో రేపు చెప్తే అయిపాయె గద చాచా."

"చెప్పుడు కాదు."

"చెప్పకపోతే నిన్ను లోపలేస్తరు."

"చెప్తే వాళ్ల ఇండ్లు పోతయ్. ఆ రూల్ నీకు నేర్పిందే నేను. పసిపిల్లలను ఏసుకొని ఏడికి పోవాలె వాళ్లు?"

"మరి నన్నేం చెయ్యమంటవ్?"

ఆయన చేట పక్కన పెట్టాడు. "నీ నోటితోని ఇప్పటిదాంక నాకు జరిగిన తక్లీఫ్ చాలు బేటా. చేతులల్ల పని ఉన్నది నీకు. రేపు జెర వాటితోని మాట్లాడు."

తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది. ఆయన భార్య తెర వెనక నుంచి చాయ్ పంపింది.

విచారణ ఇంజనీరు సాబ్ దఫ్తరు వరండాలో జరిగింది. పద్ధతి ఇది: సాక్షి చెబుతాడు, గుమాస్తా రాస్తాడు, రాసింది చదివి వినిపిస్తారు, సాక్షి దస్తఖత్ పెడతాడు. దాన్ని బయాను అంటారు. విచారణ అధికారి బయటి నుంచి వచ్చిన పెద్దమనిషి, గొంతు పెంచడు. ఖాదర్ మియాను ఒక పక్కన నిలబెట్టారు. ఓవర్సీరు రిపోర్టు చదివారు. నా మాటలన్నీ ఉన్నాయి, నున్నటి కర్ర రేటుతో సహా. వింటుంటే అవి ఎవరో వేరే మనిషి, కక్షతో చెప్పినట్టున్నాయి.

"ఇవి నీ మాటలేనా?" అని అడిగాడు అధికారి.

"నావే సార్. గని నిజం కాదు."

"అంటే ఓవర్సీరుకు అబద్ధం చెప్పావా?"

"అబద్ధం కాదు సార్. పరాచికం."

"రెండింటికీ తేడా ఏమిటి?"

"ఇన్నోళ్లు నవ్వితే పరాచికం సార్. సార్ నవ్వలె."

గుమాస్తా తల వంచుకున్నాడు. మరి చెట్లు ఎందుకు కొట్టారని అధికారి అడిగాడు. పొయ్యిలోకని చెప్పాను. వానల్లో పచ్చికట్టె పొయ్యిలో మండుతుందా, నన్ను నమ్మమంటావా అన్నాడు. నమ్మొద్దు సార్, చూడండి అన్నాను. చెట్టు ఎక్కడానికి అనుమతి అడిగాను. సాక్షి మధ్యలో చెట్టెక్కవచ్చునో లేదో ఏ కానూనులోనూ లేదు కాబోలు, ఆయన తలూపాడు.

బతికి ఉన్న సరుగుడు ఒకటి చూసి, రెండు మణికట్టు లావు కొమ్మలు దించి, అందరి ముందూ ముక్కలు చేశాను. దఫ్తరు నౌకరు చాయ్ కాచే పొయ్యిలో ఉన్న కట్టెలు తీసేసి, ఆ నిప్పుల మీద పచ్చి ముక్కలు పెట్టాను. కొంచెం పొగ వచ్చింది. నా ప్రాణం ఆ పొగలోనే ఉంది. తర్వాత చిటపటమని అంటుకుని, గిన్నె అడుగు నిండా మంట పరుచుకుంది.

అదే వరండాలో ఎండ తడికకు పోటుగా ఒక సరుగుడు కర్ర ఉంది. నిరుటి వానల కోతలో ముక్కలు చేయకుండా మిగిలినదే. తీసి అధికారి చేతికిచ్చాను. ఎండి నిలువునా పగుళ్లు పట్టింది. కొస బొటనవేలంత కూడా లేదు. అరుగు అంచుకు ఒక్కసారి కొట్టి చూడమన్నాను. కొట్టాడు. రెండు చీలికలైంది. లాఠీ అంటే వెదురు సార్, మా నాలుగు లైన్లలో వెదురు పొద ఒక్కటి లేదు అన్నాను. ఆయన చీలికను కాసేపు తిప్పి చూశాడు.

"సరే. కట్టెలు ఎవరి ఇళ్లకిచ్చారు?"

"నాల్గో తరగతి సార్. లెక్క రాదు."

"లెక్క కాదు, పేర్లు అడిగాను."

"పేర్లు సుత రావు సార్."

ఎదురుగా రెండో లైను అరుగుల మీద జనం నిలబడి చూస్తున్నారు. మేం గోనె మూటలు పెట్టిన గుమ్మాలవాళ్లు అందులో ఉన్నారు. ఎవరూ కదలలేదు. వాళ్లను తప్పు పట్టను. నేను వాళ్ల స్థానంలో ఉంటే కదిలేవాణ్నని చెప్పలేను. అధికారి వాళ్లవైపు చూశాడు, ఖాదర్ మియావైపు చూశాడు, కలం కింద పెట్టాడు. పేర్లు మళ్లీ అడగలేదు. బయాను చదివి వినిపించారు. నేను దస్తఖత్ పెట్టాను. నా పేరులోని రెండక్షరాలకు అంత సమయం ఎప్పుడూ పట్టలేదు.

పది రోజులకు ఉత్తర్వు వచ్చింది. రజాకార్లకు కర్రలిచ్చాడన్న నేరం రుజువు కాలేదు. కాలం కాని కాలంలో సర్కారు చెట్లు కొట్టి, కట్టెలు బయటికిచ్చాడన్న నేరం రుజువైంది, సాక్షి బయాను ద్వారానే. ఖాదర్ మియాను ఉద్యోగం నుంచి తీసేసి, క్వార్టరు ఖాళీ చేయడానికి పదిహేను రోజుల గడువిచ్చారు. పైవాడి హుకుం ప్రకారం నడిచానని నాకు హెచ్చరికతో సరిపెట్టారు. ఎండాకాలం రాకముందే నన్ను జమేదారుగా వేశారు. ఆ కాగితం తీసుకున్నాను. తీసుకోకుండా ఉండాల్సిందని అన్నవాళ్లున్నారు. నాకూ ఇల్లుంది.

ఆయన కాప్రా చెరువు అవతల ఒక జామతోటలో పనికి కుదిరాడు. మరుసటి ఏడు ఒకసారి వెళ్లాను. నన్ను చూసి ముఖం తిప్పుకోలేదు. అలాగని ఎదురూ రాలేదు. చేతిలో పని ముగించుకుని వచ్చి, సరుగుడు ఎన్ని బతికాయని అడిగాడు.

"పదకొండు," అన్నాను.

"పదకొండా? నేను తొమ్మిదే అనుకున్న."

అంటే రంపం నా చేతికిచ్చిన రోజే వాటిలో ఎన్ని బతుకుతాయో ఆయన లెక్క వేసుకున్నాడు. చాచా, తప్పయింది అన్నాను. ఆయన జామకొమ్మ కోతను వేలితో తడిమి చూస్తూ, "అయింది," అన్నాడు. మాఫ్ చేశానని అనలేదు. నేను అడగలేదు.

ఆ తర్వాత ముప్పై ఏళ్లకు పైగా ఉద్యోగం చేసి, సూపర్వైజరుగా రిటైరయ్యాను. పరాచికాలు మానలేదు, అది నా వల్ల కాదు. ఆ విచారణలో తెలుసుకున్నది ఇది. మాటను కాగితం మీదికి ఎక్కించేటప్పుడు దానితో వచ్చిన నవ్వును ఎవరూ రాయరు. అదే మాట ఖాదర్ మియా నా గురించి అని ఉంటే ఓవర్సీరు నవ్వి ముందుకు నడిచేవాడు. పుస్తకం జేబులోనే ఉండేది. అందువల్ల ఒక మనిషి మీద నవ్వే ముందు, ఆ ఏడు ఆ మనిషి పేరు ఎంత బరువు మోస్తోందో చూసుకోవాలి. నేను చూసుకోలేదు.